పుట్ట, బుట్ట, డబ్బా

“తింటోంది, కుబుసం విడుస్తోంది, బరువు పెరుగుతోంది. ఇంకేం కావాలి దానికి?”

కొండచిలువ పిల్లల్ని పెంచేవాళ్ళతో ఎప్పుడు వాదన పెట్టుకున్నా, అది చివరికి వచ్చి ఆగేది ఈ మాట దగ్గరే. వినడానికి బావుంటుంది. వెనకాల లెక్కలుంటాయి. ఏ రోజు ఎన్ని గ్రాముల ఎలుక పిల్లని మింగిందో రాసుకున్న షీట్ ఉంటుంది. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి లెక్కలంటే నాకూ గౌరవమే. కానీ సర్వర్ పడిపోలేదు కాబట్టి సిస్టమ్ బ్రహ్మాండంగా ఉందని మా వృత్తిలో ఎవడూ అనడు. పడిపోలేదు, అంతే. ఆ పాము కూడా ఇంకా చచ్చిపోలేదు, అంతే.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. పెంపుడు బాల్ పైథాన్ పిల్లలకి వచ్చే ఊపిరితిత్తుల జబ్బుని మనం దురదృష్టం ఖాతాలో రాసేస్తున్నాం. చాలాసార్లు అది దురదృష్టం కాదు. మనం కట్టిన ఇంటి మీద ఆ పాము రాసిన సమీక్ష. నోరు లేని జీవి రాయగలిగిన సమీక్ష అదొక్కటే.

సాహిత్య పత్రికలో ఈ పాముల గోల ఏంటని అడగొచ్చు. రెండు కారణాలున్నాయి. ఈ పత్రిక చదివేవాళ్ళ వయసువాళ్ళే, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డాలస్‌లోనో, మణికట్టుకి పాముని చుట్టుకుని ఫోటోలు పెడుతున్నారు. వాటికి లైకులు కొట్టేది కూడా మనమే. రెండోది, మన భాషకి పాము అంటే ఎప్పుడూ ఉపమానమే. పగకి పాము, విషానికి పాము, జడకి పాము. ఊపిరి పీల్చే పాము మన వాక్యాల్లో అరుదు. ఊపిరి పీలుస్తుందన్న సంగతి మాటలోనే లేనప్పుడు, దానికి ఊపిరాడటం లేదన్న సంగతి మాత్రం ఎక్కణ్ణుంచి వస్తుంది?

* * *

ముందు దాని సొంత ఊరి సంగతి. బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డిభూముల్లో, అడవి అంచుల్లో ఉండే చిన్న జాతి కొండచిలువ. ఘానా, టోగో, బెనిన్, నైజీరియా దాని దేశాలు. భయపడితే తలని లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది, అందుకే ఆ పేరు. గుడ్డులోంచి వచ్చినప్పుడు అడుగు, అడుగున్నర పొడవుంటుంది. పెద్దదయ్యాక మూడు నుంచి ఐదడుగులు. పగలంతా ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో ఉండి రాత్రిపూట బయటికొస్తుంది.

పుట్ట! దీన్ని తెలుగువాళ్ళకి ఎవరో విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. కట్టేది ఒకరు, కాపురముండేది ఇంకొకరు అన్న సంగతి శతకాలు చదివిన ప్రతి పిల్లాడికీ తెలుసు. నాగుల చవితికి మనం వెళ్ళేది పాము దగ్గరికి కాదు, పుట్ట దగ్గరికి. పాముకి ఇల్లు ఏమిటన్నది మన పెద్దవాళ్ళు పూజలోనే పెట్టారు.

పుట్ట ఎందుకు మంచి ఇల్లో ఇంజినీరింగ్ భాషలో చెప్తాను. బయట 40 డిగ్రీల ఎండ కాసినా, రాత్రి చల్లబడినా లోపల పెద్దగా తేడా రాదు. మట్టి గోడలు వేడిని మెల్లగా తీసుకుని మెల్లగా వదులుతాయి. లోపల తేమ నిలుస్తుంది, అయినా గాలి ఆడుతుంది. ‘గడ్డిభూమి పాము కదా, దానికి తేమ అక్కర్లేదు’ అనేవాళ్ళు మర్చిపోయేది ఇదే. పశ్చిమాఫ్రికాలో సహారా నుంచి హర్మటాన్ అనే పొడిగాలి వీచే నెలలుంటాయి. పెదవులు పగిలిపోయే గాలి. ఆ నెలల్లో బయట ఎండుగడ్డి ఉంటుంది, పాము మాత్రం మట్టి కింద తేమలో ఉంటుంది. మనం వాతావరణ శాఖ లెక్క చూసి పాముకి ఇల్లు కడుతున్నాం. అది వాతావరణంలో ఉండదు, పుట్టలో ఉంటుంది.

పిల్లల సంగతి ఇంకొంచెం వేరు. లూకా లుయిసెల్లీ, ఫ్రాన్సెస్కో ఆంజెలీచి అనే ఇద్దరు పరిశోధకులు ఆగ్నేయ నైజీరియాలో ఈ పాముల తిండిని పరిశీలించి 1998లో ఒక వ్యాసం ప్రచురించారు. 70 సెంటీమీటర్లు దాటని చిన్న పాములు ఎక్కువగా తినేది పక్షుల్ని అని తేలింది. మీటరు దాటిన పెద్దవి చిన్న జంతువుల మీదికి మళ్ళుతాయి. పక్షులు తినే పిల్ల పాము కొమ్మలెక్కకుండా ఎలా ఉంటుంది? ‘ఇది నేల పాము, ఎత్తు అక్కర్లేదు’ అని మూడు అంగుళాల ఎత్తు సొరుగులో పెట్టేవాళ్ళు ఈ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్తే చాలు.

* * *

ఇప్పుడు జబ్బు. పాముకి మనలాగా ఉదరవితానం లేదు. పక్కటెముకల మధ్య కండరాలతో ఊపిరి తీస్తుంది, వదుల్తుంది. చాలా పాముల్లో ఎడమ ఊపిరితిత్తి పేరుకే ఉంటుంది. కొండచిలువలకి రెండూ ఉంటాయి, ఎడమది చిన్నది. పొడవాటి సంచిలాంటి ఆ ఊపిరితిత్తిలో ముందు భాగంలోనే రక్తనాళాలు దట్టంగా ఉంటాయి, వెనక భాగం దాదాపు ఖాళీ గాలితిత్తి. అందులో చీము, జిగురు చేరితే బయటికి పంపడం దానికి చాలా కష్టం. మనకి గొంతులో కఫం అడ్డం పడితే ఖళ్ళున దగ్గి ఉమ్మేస్తాం. పాము అలా దగ్గలేదు. ఈ ఒక్క వాక్యం గుర్తుంచుకుంటే మిగతా వ్యాసం చదవకపోయినా నాకు బాధ లేదు.

అందుకే లక్షణాలు మెల్లగా బయటపడతాయి. మొదట ఊపిరి తీసేటప్పుడు చిన్న టిక్కు శబ్దం, తర్వాత ఈల. నోటి అంచుల్లో, ముక్కు దగ్గర నురగ బుడగలు. పడుకుంటే ఊపిరాడక తల పైకెత్తి గోడకి ఆనించుకుని ఉండటం. నోరు తెరిచి పీల్చడం. తిండి మానేయడం చాలాసార్లు ఆలస్యంగా వస్తుంది. ‘తింటోంది కదా’ అన్న కొలమానం పనికిరాదని నేనంటున్నది అందుకే. మీరు చూస్తున్న మీటర్, జబ్బు ముదిరాక కదిలే మీటర్.

పాముకి ఒంట్లో సొంత హీటర్ లేదన్నది అందరికీ తెలిసిందే. చల్లని రక్తం అని బళ్ళో చదువుకున్నాం. దాని అర్థం పరీక్ష రాశాక మర్చిపోయాం. జీర్ణం ఒక్కటే కాదు, రోగంతో పోరాడే శక్తి కూడా వంటి వేడి మీదే నడుస్తుంది. డబ్బాలో ఒక పక్క 31 నుంచి 33 డిగ్రీలు, రెండో పక్క 25, 26 ఉంటే, పాము తనకి కావలసిన చోటికి పాకి తన వైద్యం తనే చేసుకుంటుంది. డబ్బా మొత్తం 23 దగ్గరుంటే దాని సైన్యం నిద్రపోతుంది. సూడోమోనాస్, ఏరోమోనాస్, క్లెబ్సియెల్లా లాంటి బాక్టీరియాలు పాము చుట్టూ మామూలుగానే ఉంటాయి. అవి లోపలికొచ్చి కాపురం పెట్టేది ఆ నిద్రలోనే.

చలీ తడీ కలిస్తే అన్నిటికన్నా ప్రమాదం. అలాగని ఎండబెట్టినా ప్రమాదమే. తేమ లేని గాలిలో జిగురు చిక్కబడుతుంది, కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతుంది, గొంతు పొర ఎండిపోతుంది. కాబట్టి వేడి ఒక్కటే, తేమ ఒక్కటే కాదు. వెచ్చటి తేమ, ఆడే గాలి, రెండూ కావాలి. అంటే పుట్ట.

* * *

ఒక ఉదాహరణ చెప్తాను. నేనుండేది ఒహాయోలో. మా టీమ్‌లో పనిచేసే తెలుగాయన ఒకరు డిసెంబరులో కుటుంబంతో విజయవాడ వెళ్తూ, వాళ్ళమ్మాయి పెంచుకుంటున్న నాలుగు నెలల బాల్ పైథాన్‌ని మూడు వారాలు నా దగ్గర పెట్టి వెళ్ళారు. పైన జల్లెడ మూత ఉన్న గాజు తొట్టి, కింద థర్మోస్టాట్ లేని హీట్ మ్యాట్, పక్కన అతికించిన ముల్లు మీటర్. రెండో రోజు రాత్రి గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఆ టిక్కు వినిపించింది. ఫోన్ చేస్తే ఆయన అన్న మొదటి మాట, “మొన్నే తిన్నది కదా తమ్ముడూ.”

ఇక్కడ ఒక చిన్న లెక్క. బయట మైనస్ 5 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం అనుకోండి. ఆ గాలినే ఇంట్లోకి తీసుకుని 22 డిగ్రీలకి వేడి చేస్తే తేమ దాదాపు 13 శాతానికి పడిపోతుంది. నీళ్ళు ఎక్కడికీ పోలేదు. వేడెక్కిన గాలి ఇంకా ఎక్కువ తేమని పట్టుకోగలదు కాబట్టి శాతం తగ్గింది. వంట, స్నానం, మన ఊపిరి కలిసి కొంచెం పెరుగుతుంది. అయినా ఈ పాముకి కావలసిన 60, 70 శాతానికి చాలా దూరం. పైన జల్లెడ మూత ఉన్న గాజు తొట్టిలో పొద్దున నీళ్ళు చిలకరిస్తే మధ్యాహ్నానికి పోతాయి. అది మళ్ళీ హర్మటానే. తేడా అల్లా, పాము దిగి దాక్కోవడానికి మట్టి లేదు.

నలభై మైళ్ళ దూరంలో పాముల్ని చూసే డాక్టరు దొరికింది. ఆవిడ పాము కన్నా ముందు తొట్టి ఫోటో అడిగింది. తర్వాత నోట్లోంచి స్వాబ్ తీసి పంపింది. వైరస్ లేదు, బాక్టీరియా. మూడు రోజులకొక ఇంజెక్షన్ రాసింది. పాము ఒంట్లో మందు అంత నెమ్మదిగా కరుగుతుంది మరి. ఇంజెక్షన్లతో పాటు వేడి సరిచేయకపోతే మందు దండగ అని కూడా చెప్పింది. పాము ఖరీదు 60 డాలర్లు. టెస్టులూ మందులూ కలిపి 500 దాటాయి. పాము బతికింది.

కానీ నాకు గుర్తుండిపోయింది డబ్బు కాదు. వీడియో కాల్‌లో ఆ పదకొండేళ్ళ పిల్ల, “షీట్‌లో రాసినవన్నీ చేశాను అంకుల్” అంది. నిజమే, చేసింది. అమ్మినవాళ్ళు ఇచ్చిన ఒక పేజీ కాగితం నేను చూశాను. ఏ సైజు ఎలుక, ఎన్ని రోజులకొకసారి, ఎలా పట్టుకోవాలి, అన్నీ ఉన్నాయి. తేమ గురించి ‘తగినంత’ అని ఒక్క మాట ఉంది. అంకె లేదు. థర్మోస్టాట్ అన్న మాట అసలు లేదు. ఎందుకుంటుంది? రాస్తే 60 డాలర్ల పాము పక్కన 300 డాలర్ల ఇల్లు కూడా చూపించాలి. అప్పుడు ఆ బల్ల దగ్గర పిల్లలు ఆగినా, తండ్రులు ఆగరు.

‘బిగినర్ పాము’ అనే మాట పుట్టింది ఇక్కడే. బిగినర్ పాము అంటే తేలికగా పెరిగే పాము అని మనం అనుకుంటున్నాం. కాదు. ఎక్కువ కాలం చప్పుడు చేయకుండా బాధపడగల పాము అని దాని అసలు అర్థం. కుక్క అయితే మొదటి రాత్రే మొరిగి ఇల్లు పీకి పందిరేస్తుంది.

* * *

పుట్ట తర్వాత మన దగ్గర వచ్చింది బుట్ట. పాములవాడి బుట్ట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అది నేరం, అయినా పండగ రోజుల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. పాము పాలు తాగదు, పాలు అరిగించుకోలేదు. రోజుల తరబడి నీళ్ళివ్వకుండా మాడ్చిన పాము ముందు ఏ తడి పెట్టినా మూతి ముంచుతుంది, మనం చేతులు జోడిస్తాం. ఆ పాలు కొన్నిసార్లు ఊపిరితిత్తుల్లోకి పోయి పాము చచ్చిపోతుంది. దాన్ని మనం చూడం, ఎందుకంటే అప్పటికి బుట్ట పక్క వీధికి వెళ్ళిపోయి ఉంటుంది. పాముకి పాలు పోసి పెంచినట్టు అన్న సామెతలో మనం ఇంతకాలం తప్పు పట్టింది పామునే. పాలు పోసినవాడి గురించి సామెత లేదు.

ఇప్పుడు డబ్బా వంతు. పాముల్ని పెద్ద ఎత్తున పెంచి అమ్మేవాళ్ళు వాడేది రాక్. బట్టల షాపులో సొరుగుల్లాగా, ఒకదాని మీద ఒకటి ప్లాస్టిక్ డబ్బాలు. కింద వేడి తీగ, అడుగున పేపర్, ఒక నీళ్ళ గిన్నె. పుట్ట గుణాల్లోంచి ఒక్క గుణం, చీకటి ఇరుకు, తీసుకుని మిగతావన్నీ వదిలేసిన ఇల్లు. అమ్మేవాడి గోడౌన్‌లో కొన్నాళ్ళుండాల్సిన ఆ ఏర్పాటు ‘సరైన పెంపకం’ పేరుతో పడగ్గదుల్లోకి వచ్చేసింది. మ్యూనిక్ పరిశోధకులు రాక్‌లోనూ టెర్రేరియంలోనూ బాల్ పైథాన్ల ప్రవర్తనని పోల్చి చూసి 2021లో ప్రచురించారు. ఎక్కడం, తవ్వడం, వెచ్చగా కాగడం లాంటి సహజమైన పనులకి రాక్‌లో చోటే లేదన్నారు. చోటు ఇస్తే అవి చేస్తాయి. ఇవ్వకపోతే చేయవు, అప్పుడు మనం ‘ఇది బద్ధకం పాము’ అని రాసుకుంటాం. పది గంటలు క్యూబికల్‌లో కూర్చున్న నన్ను చూసి ‘వీడికి నడక ఇష్టం లేదు’ అని రాసినట్టుంటుంది అది.

రాక్ తరఫున వాళ్ళు చెప్పే వాదనలు పూర్తిగా చెత్త కాదు. కాబట్టి ఒక్కొక్కటీ తీసుకుంటాను.

‘పెద్ద తొట్టిలో పెడితే పిల్ల పాము బెదిరిపోయి తిండి మానేస్తుంది.’ నిజమే, మానేస్తుంది. అయితే అది పెద్దతనానికి కాదు, ఖాళీకి భయపడుతోంది. నాలుగడుగుల తొట్టిలో ఒక గిన్నె, ఒక బల్బు పెట్టి ‘చూశారా, తినడంలేదు’ అంటే ఎలా? వేడి పక్క ఒక గూడు, చల్లటి పక్క ఒక గూడు, మధ్యలో కొమ్మలు, ఆకులు, నాలుగంగుళాల కొబ్బరి పొట్టు వేయండి. అప్పుడు అది పెద్ద గది కాదు, పది మూలలున్న ఇల్లు.

‘జల్లెడ మూత గాజు తొట్టి కన్నా ప్లాస్టిక్ డబ్బాలోనే తేమ బాగా నిలుస్తుంది.’ ఇదీ నిజమే, పైన నేను చెప్పిన ఒహాయో కథే దీనికి సాక్ష్యం. జబ్బు చేసిన పామునో కొత్తగా తెచ్చిన పామునో కొన్ని వారాలు డబ్బాలో ఉంచడాన్ని నేను తప్పు పట్టను. నా తగాదా ప్లాస్టిక్‌తో కాదు. ఆసుపత్రి మంచం ఆసుపత్రిలో సరైనదే. జీవితాంతం దాని మీదే పడుకోమంటేనే తగాదా.

‘ఎంత బాగా చూసినా వైరస్ వస్తే చస్తుంది కదా.’ ఇది అన్నిటికన్నా గట్టి వాదన. బాల్ పైథాన్లలో తీవ్రమైన శ్వాసకోశ వ్యాధితో ముడిపడిన నీడోవైరస్‌ని 2014లో గుర్తించారు. ఆరోగ్యంగా ఉన్న పాములకి దాన్ని ఎక్కించి, జబ్బు తెచ్చేది అదేనని 2018లో రుజువు చేశారు. మందు లేదు. ఇంద్రభవనం కట్టినా ఆ వైరస్ ఆగదు. ఒప్పుకుంటాను. కానీ ఆ వైరస్ ఒక పాము నుంచి ఇంకో పాముకి ఎక్కడ తేలిగ్గా వెళ్తుంది? వందల డబ్బాలు ఒకే గదిలో, ఒకే పట్టకారుతో, కడగని ఒకే చేతులతో నడిచే చోట. ఎక్కడెక్కడి పాములో ఒక రోజు ఒకే హాల్లో కలిసి, సాయంత్రానికి వంద ఇళ్ళకి వెళ్ళే సంతల్లో. అంటే వైరస్ కథ కూడా చివరికి ఇంటి కథే. ఒక్క పాము ఇంటి కథ కాదు, అది పుట్టి పెరిగిన అపార్ట్‌మెంట్ కథ. కొత్త పాముని కనీసం మూడు నెలలు విడిగా ఉంచమనీ, నోటి స్వాబ్‌తో పీసీఆర్ పరీక్ష చేయించమనీ డాక్టర్లు అంటున్నది అందుకే. పరీక్ష కాగితం చూపించి పాముని అమ్మేవాళ్ళు ఎంతమందో మీరే అడిగి చూడండి.

చివరిది మన ఇంట్లోంచి వచ్చే వాదన. ‘అమీర్‌పేట హాస్టల్లో ఒక గదిలో ఆరుగురం పడుకున్నాం, పాముకి నాలుగడుగుల ఇల్లా?’ నేనూ ఆ ఆరుగురిలో ఒకణ్ణే. కిటికీ లేని గదిలో చలికాలమంతా ఆరుగురూ ఒకరి జలుబు ఒకరికి అంటించుకుంటూ గడిపాం. ఆ గది గుర్తున్నవాడే ఈ మాట అనకూడదని నా అభిప్రాయం. అయినా ఒక తేడా ఉంది. ఆ గది తలుపుకి మేం లోపల్నుంచి గడియ పెట్టుకునేవాళ్ళం. పాము డబ్బాకి గడియ బయట ఉంటుంది. గడియ ఎవరి చేతిలో ఉంటే లోపలి గాలి బాధ్యత వాళ్ళది. పాముని పెంచమని మనల్ని ఎవరూ బతిమాలలేదు.

* * *

ఇండియాలో ఈ కథ డబ్బా కన్నా ముందే, సూట్‌కేసులో మొదలవుతుంది. 2023 సెప్టెంబరులో బ్యాంకాక్ నుంచి వచ్చిన విమానం సామానులో బెంగళూరు కస్టమ్స్ వాళ్ళకి 55 బాల్ పైథాన్లు, 17 కింగ్ కోబ్రాలు బతికి దొరికాయి. అదే సామానులో ఆరు కపుచిన్ కోతులు చచ్చిపోయి ఉన్నాయి. గుడ్డ సంచుల్లో మూటగట్టి, చల్లటి కార్గోలో, నీళ్ళు లేకుండా వచ్చిన పాము పిల్ల ఊపిరితిత్తులు ఎలా ఉంటాయో పైన చెప్పిందంతా చదివినవాళ్ళకి విడిగా చెప్పక్కర్లేదు. దొరకని సూట్‌కేసుల్లోంచి వచ్చినవి మన నగరాల్లో ‘ఇంపోర్టెడ్ బేబీ’ పేరుతో అమ్ముడుపోతాయి.

బాల్ పైథాన్ అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. పశ్చిమాఫ్రికా నుంచి 1975 తర్వాత 30 లక్షలకు పైగా ఎగుమతయ్యాయి. అక్కడ చాలావాటిని బొరియలు తవ్వి, చూలు పాముల్నీ గుడ్లనీ తీసుకొచ్చి, పిల్లలయ్యాక పంపుతారు. అంటే మన డబ్బా కోసం ముందు అక్కడి పుట్ట కూలుతుంది. మన దేశంలో 2022 సవరణతో సైటీస్ జాబితా వన్యప్రాణి చట్టంలోకి వచ్చింది, 2024లో ఇలాంటి జంతువుల్ని పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలని రూల్స్ వచ్చాయి. మంచిదే. కానీ ఆ రిజిస్ట్రేషన్ పాముకి యజమాని ఎవరో అడుగుతుంది. ఇల్లు ఏదో కూడా అడగాలి. తొట్టి కొలతలు, థర్మోస్టాట్, పాముల్ని చూసే వెటర్నరీ డాక్టరు పేరు, ఈ మూడూ లేకుండా సర్టిఫికెట్ ఎందుకివ్వాలి?

పెంచుకోవడం మొత్తం మానేయండి అని నేను అనడంలేదు. అనేవాళ్ళున్నారు, వాళ్ళ వాదనలో బలముంది. నేను అడిగేది అంతకన్నా చిన్నది. ఇల్లు ముందు, పాము తర్వాత. ఖాళీ తొట్టిని రెండు వారాలు నడపండి. వేడి పక్క, చల్లటి పక్క డిజిటల్ సెన్సర్లు పెట్టి, తెల్లవారుజామున నాలుగింటి అంకె కూడా చూడండి. అది 24 కన్నా తగ్గితే, తేమ 60 కన్నా తగ్గితే మీ ఇల్లు ఇంకా రెడీ కాలేదు. దేవదారు పొట్టు లాంటి ఘాటు వాసన చెక్క వేయకండి, అది ఊపిరితిత్తులకి పొగతో సమానం. టిక్కు వినిపిస్తే ఎవరో చెప్పిన మందు ఇంట్లో వేయకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఇవేవీ కుదరకపోతే పాముని కొనకండి. కొనకపోవడం కూడా ప్రేమే. ఇంకో సంగతి. సెయింట్ లూయిస్ జూలో ఒక బాల్ పైథాన్ 2020లో గుడ్లు పెట్టింది. అప్పటికి దాని వయసు 62 పైనే అని జూ వాళ్ళ అంచనా. మీరు పదకొండేళ్ళ పిల్లకి కొనిస్తున్నది ఆమె మనవల దాకా ఉండగల జీవిని.

చినువా అచెబె 1964 నవల ‘ఆరో ఆఫ్ గాడ్’ చదివినవాళ్ళకి ఒడుచే గుర్తుంటాడు. ఇగ్బోలకి రాయల్ పైథాన్ పవిత్రం, దాన్ని చంపడం ఊహించలేని పాపం. బాల్ పైథాన్‌ని బ్రిటన్‌లో ఇప్పటికీ పిలిచేది ఆ రాయల్ పైథాన్ అన్న పేరుతోనే. మిషన్ బడిలో చేరిన ఒడుచే కొత్త మతం ముందు ధైర్యం చూపించాలనుకుంటాడు. తీరా కర్రతో కొట్టి చంపే ధైర్యం చాలదు. పాముని తన చెక్కపెట్టెలో పెట్టి తాళం వేస్తాడు. గాలాడక అదే చస్తుంది, చంపిన పాపం మాత్రం తనకి అంటదు అని వాడి లెక్క. పెట్టె కదలడం ఇంట్లోవాళ్ళు చూస్తారు, తండ్రి ఎజెయులు దాన్ని బద్దలు కొడతాడు, పాము బతికి బయటపడుతుంది.

మంచి పాఠకులు ఒడుచేని తిట్టుకోరు. వాడు పసివాడు, రెండు లోకాల మధ్య నలిగినవాడు. మనకి ఆ నలుగుడు లేదు. మన పెట్టె మీద పవిత్రం, పాపం అన్న మాటల బదులు ‘బిగినర్’, ‘లో మెయింటెనెన్స్’ అని రాసుంది. లెక్క మాత్రం ఒడుచేదే. మనం చంపలేదు, అదే చచ్చిపోయింది. తింటూనే ఉండింది కూడా.

ఈసారి ఎవరైనా డబ్బా మూత తీసి పాము పిల్లని చేతిలో పెడితే, తింటోందా అని అడక్కండి. చెవి దగ్గరికి తెచ్చుకుని దాని ఊపిరి వినండి. తర్వాత ఆ డబ్బాలో రాత్రి ఎంత చలి ఉంటుందో అడగండి. చెప్పలేకపోతే, లైక్ కొట్టకండి.